రాగి కుడికెందుకు జరిగింది

హైదరాబాద్ శివారు,
2024 డిసెంబర్ 9, సోమవారం.

మావయ్యా,

ఈ ఉత్తరంలో కుశల ప్రశ్నలు లేవు. అడిగే ఓపిక నాకు లేదు.

ఇక్కడి స్వారీ స్కూల్లో మా ఫోన్లు ఆదివారం గంటసేపే మా చేతికిస్తారని నీకు తెలుసు. నిన్న ఆ గంటలో పైడయ్య ఫోన్ చేశాడు. అరకులో టూరిస్టులను గుర్రం ఎక్కించే పైడయ్యే. "గుంటా, మీ మావయ్య ఆ గుర్రం రాగిని నాకిచ్చేత్తానన్నాడు. నీకు సెప్పేడా?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని నవ్వాను. "నవ్వుతావేటి? కాఫీ బస్తాలతో లోయలోకి ఎల్లిపోనాది గదా. మోకాళ్లు సీరుకుపోనాయి. ఇంక బరువు మోయించనంతన్నాడు" అన్నాడు.

పడి పది రోజులైందట. పది రోజులు! పైడయ్యకు తెలుసు, పెదబయలు సంతలో ఉప్పు అమ్మే ఆవిడకు కూడా తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. రాగి పుట్టినప్పుడు దాని ఒళ్లు తుడిచింది నా స్కూలు చున్నీతో. అమ్మ పోయిన ఏడాది అది. ఆ ఏడాది నేను మాట్లాడింది నీతోనూ దానితోనూ మాత్రమే.

ఎన్ని బస్తాలు వేశావు? రెండు వేసే చోట మూడు వేశావా? కొట్టావా? కాఫీ పండు కోతకొచ్చిందంటే నీ తొందర నాకు తెలియనిదా. "బేగి, బేగి" అంటూ వెనకనుంచి తోలుతావు. అది రాయి చూసుకుని అడుగు వేసే లోపలే నీ అరుపు దాని చెవిలో పడుతుంది.

మా దేవీప్రసాద్ సార్ ముప్పై ఏళ్లు సైన్యంలో గుర్రాలకూ మనుషులకూ స్వారీ నేర్పిన మనిషి. ఎవరైనా "గుర్రం తప్పు చేసింది సార్" అంటే, ఆయన వాళ్లను జీను మీదనుంచి దింపి మైదానం చుట్టూ మూడుసార్లు కాలినడకన తిప్పుతారు. గుర్రం చేసే తప్పంతా మనిషి దగ్గర నేర్చుకున్నదేనంటారు. నువ్వు ఎన్నిసార్లు తిరగాలో ఆలోచించుకో.

రాగిని అమ్మితే నేనిక ఆ ఇంటికి రాను. ఇది బెదిరింపు అనుకుంటావేమో, తేదీ వేసి మరీ రాస్తున్నాను.

ఇంకా నీ మేనకోడలినే,
సుజానా


కంబగరువు, పెదబయలు మండలం,
డిసెంబర్ 17.

సుజానా,

పోస్టు సోములమ్మ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. ఒకసారి చదివాను. రెండోసారి చదవాలనిపించలేదు.

రెండు బస్తాలే వేశాను. కొట్టలేదు. నువ్వు పుట్టకముందు నుంచి ఈ దారిలో గుర్రాలతో దిగుతున్నాను. ఒక్కటీ పడలేదు. చదును చేసిన ఇసుకలో గుర్రాన్ని గుండ్రంగా తిప్పేదానివి, నాకు రాళ్ల గురించి చెబుతున్నావు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే వచ్చేస్తావు. జనవరిలో నీకు పరీక్ష.

రాగిని ఇచ్చెయ్యక తప్పదు. అది జారిపడలేదు. తనంతట తాను లోయ వైపు అడుగు వేసింది. అలా ఒకసారి వేసిన గుర్రాన్ని ఆ దారిలో ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను. నిండు నెలల ఆడవాళ్లను ఆస్పత్రికి దించేది కూడా దాని మీదే కదా. రేపు ఎవరినైనా ఎక్కించి పంపితే, జరగరానిది జరిగితే, నేను ఈ ఊళ్లో ఎవరి మొహం చూడగలను? పైడయ్య దగ్గరైతే చదునునేల మీద తిరుగుతుంది.

ఎక్కువ రాయలేను.

ఐజాక్


హైదరాబాద్ శివారు,
డిసెంబర్ 26.

మావయ్యా,

క్రిస్మస్ ఆరాధనలో అందరూ కళ్లు మూసుకుంటే నేను పళ్లు నూరుతూ కూర్చున్నాను. దేవుడు చూసే ఉంటాడు.

ఇక్కడ మా గదిలో అమ్మాయి నీ ఉత్తరం చూసి "మీ ఊళ్లో పిల్లలు రాశారా?" అని అడిగింది. అక్షరాల్లో ఒకటి కొండెక్కింది, ఒకటి లోయలో పడింది. సండే స్కూల్ బోర్డు మీద గీత గీసినట్టు వాక్యాలు రాసే చెయ్యి నీది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ చేతిని చూసే. అది ఇలా రాసిందంటే నాకు ఒక్క కారణమే తోస్తోంది. ఇది జీలుగు కల్లు దిగే కాలం. తాగి రాశావు. తాగే గుర్రాన్ని తోలి ఉంటావు. అందుకే "ఎక్కువ రాయలేను".

దసరాకి వచ్చినప్పుడు నేను బడి మైదానంలో రాగిని పక్కకి నడిపిస్తుంటే, నువ్వూ పక్కింటి భీముడూ అరుగు మీద కూర్చుని "ఎండ్రకాయ నడక" అని నవ్వారు. "గుంట గుర్రానికి డాన్సు నేర్పతంది" అని ఊరంతా చెప్పాడు భీముడు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు కాబట్టి విను.

నేను నేర్చుకుంటున్న డ్రెస్సాజ్ అనే స్వారీ విద్య డాన్సు కాదు. గుర్రానికి మన మాట రాదు, మనకు దాని మాట రాదు. కాబట్టి రెండు ఒళ్లూ కలిసి ఒక భాష తయారు చేసుకోవాలి. అందులో మొదటిది లయ: నాలుగు డెక్కలూ ఒకే తాళంలో పడాలి. తర్వాత దాని ఒళ్లు వదులు కావాలి, భయంతో బిగుసుకున్న గుర్రం ఏమీ వినదు. ఆ పైన కళ్లెం చివర దాని నోరూ ఈ చివర మన చెయ్యీ ఒకదాన్నొకటి తెలుసుకోవాలి. సార్ దాన్ని కాంటాక్ట్ అంటారు. నా నోట్సులో "చెయ్యి పట్టుకుని నడవడం" అని రాసుకున్నాను. ఇలాంటి మాటలకు తెలుగు వెతకడం నాకు రోజూ పనే. దొరికిన రోజు అన్నం ఎక్కువ తింటాను.

ఇదంతా రాగికి ఎంత తొందరగా వచ్చిందో తెలుసా? దాని ఎడమ డొక్క మీద నా మడమ ఆనితే చాలు, దోమ వాలినంత ఆనితే చాలు, కుడికి అడుగు వేస్తుంది. కుడి డొక్క మీద ఆనితే ఎడమకి. వేసవిలో నెల, దసరాకి పన్నెండు రోజులు, అంతే. ఇక్కడ రేసులనుంచి వచ్చిన ఖరీదైన గుర్రాలకు ఏడాది పడుతోంది. బరువు మోసే కొండగుర్రం అది! సార్‌కి వీడియో చూపిస్తే టోపీ తీశారు.

అంత తెలివైనది తనంతట తాను లోయలోకి అడుగు వేసిందంటే నేను నమ్మను. నువ్వు ఏదో దాస్తున్నావు. ఏ మలుపు, బస్తాలు ఎలా కట్టావు, ముందు ఎవరున్నారు, వెనక ఎవరున్నారు, మొత్తం రాయి. తాగని రోజు రాయి.

సుజానా


కంబగరువు,
2025 జనవరి 3.

సుజానా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పోలీసు స్టేషన్లో చెప్పినట్టు చెబుతాను.

నవంబరు 29, శుక్రవారం. ఈ సీజనుకి అదే మొదటి కాఫీ బరువు. వానాకాలమంతా రాగి మీద పెద్ద బస్తా పడలేదు, రేషను బియ్యం చిన్న సంచుల్లోనే తెచ్చాను. బస్తాలు ఒరుసుకోకుండా వీపున గంత వేసి, అటొకటి ఇటొకటి రెండు బస్తాలు కట్టాను. పగ్గం పట్టుకుని ముందు నేను, వెనక భీముడు. జీలుగుచెట్టు మలుపు దగ్గర దారి ఎంత ఉంటుందో నీకు తెలుసు. దిగేటప్పుడు ఎడమ పక్క బండ, కుడి పక్క ఏమీ లేదు. ఎడమ బస్తా బండకి రాసుకుంది. ఎప్పుడూ రాసుకునేదే. ఏ గుర్రమైనా అక్కడ బండ వైపే ఒరిగి, బస్తాను ఈడ్చుకుంటూ పోతుంది. ఇది అలా చెయ్యలేదు. బస్తా ఆనగానే, ఎవరో పిలిచినట్టు, నెమ్మదిగా కుడికి ఒక అడుగు వేసింది. బెదరలేదు. రెండో అడుగుకి నేల లేదు.

కింద సిల్వర్ ఓక్ చెట్టు అడ్డం వచ్చి ఆపింది.

కుడి కన్ను పోయిందేమోనని చెయ్యి ఊపి చూశాను. కన్ను బాగానే ఉంది. దానికి ఏం పట్టిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని ఇంట్లో ఉంచుకోను. పైడయ్య 12వ తేదీ ఆదివారం వస్తాడు.

తాగిన విషయానికి జవాబు రాయను.

ఐజాక్

సుజానా, నేను తెరిసమ్మ అత్తను. కవరు అంటించమని నాకిచ్చి ఆయన బయటికెళ్లాడు. అంటించే ముందు నాలుగు ముక్కలు రాస్తున్నాను. మీ మావయ్య కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. జబ్బ దగ్గర ఎముక విరిగింది. గుర్రం పోతుంటే పగ్గం వదల్లేదు. "ఒగ్గీరా బాబూ, ఒగ్గీరా, నువ్వూ పోతావు" అని భీముడు అరుస్తూనే ఉన్నాడట. వదల్లేదు. దానితోపాటు చెట్టుదాకా పోయాడు. నీకు రాసేదంతా ఎడమచేత్తోనే. మొదటి ఉత్తరానికి ఒక పొద్దంతా పట్టింది. దాన్ని చూసి నువ్వు తాగుబోతన్నావు. అది చదివిన రోజు ఆయన అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. నిన్ను తిట్టాలనే కలం పట్టుకున్నాను. ఇంకో చేతిలో జపమాల ఉంది, తిట్టు రావడం లేదు. రేపు వస్తుందేమో.


హైదరాబాద్ శివారు,
జనవరి 10.

మావయ్యా, అత్తా,

మీ ఉత్తరం నిన్న అందింది. అత్త రాసిన ముక్కలే ముందు చదివాను. ఆ తర్వాత నీ ముక్కలు సరిగ్గా చదవలేకపోయాను. జేబులో పెట్టుకుని ఈ పొద్దున స్వారీకి వెళ్లాను.

సార్ మైదానం మధ్యలో నిలబడి "ఎడమ కాలు! గోడ వైపు నుంచి లోపలికి జరుపు" అని అరిచారు. మడమ ఆనించాను. గుర్రం కుడికి అడుగు వేసింది. నెమ్మదిగా. బెదరకుండా. ఎవరో పిలిచినట్టు.

కళ్లెం లాగేశాను. "ఏమైంది?" అని సార్ అరుస్తున్నారు. దిగిపోయి, ఉత్తరం తీసి, ఆ వాక్యం మళ్లీ చదివాను. "బస్తా ఆనగానే."

మావయ్యా, దాని కన్నుకి ఏమీ కాలేదు. దానికి ఏమీ పట్టలేదు. బండ బస్తాను నొక్కింది, బస్తా దాని ఎడమ డొక్కను నొక్కింది. ఎడమ డొక్క మీద ఒత్తిడి తగిలితే కుడికి జరగాలని దానికి నేర్పింది నేను. జరిగిన ప్రతిసారీ "శభాష్" అని మెడ తట్టాను, బెల్లం పెట్టాను. నీ గుర్రాలన్నీ పుట్టుకతోనే ఒత్తిడి వైపు ఒరుగుతాయి, ఆ ఒరగడమే వాటిని ఆ మలుపు దాటిస్తుంది. అది తప్పని నేను దానికి చెప్పాను. వేసవిలో నెల, దసరాకి పన్నెండు రోజులు చెప్పాను. గొప్పగా నీకు రాశాను కూడా.

నమ్మకపోతే దాన్ని వాకిట్లో నిలబెట్టి, ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి చూడు.

పైడయ్యకి ఆఫీసు ఫోన్‌నుంచి చేశాను. ఆదివారం వెళ్లొద్దన్నాను. "ఓలమ్మో, నువ్వెవరివే సెప్పడానికి? మీ మావయ్య సెప్తే ఆగుతాను" అన్నాడు. వినకపోతే అరకొచ్చి అతని గుర్రాలన్నిటికీ ఎండ్రకాయ నడక నేర్పిపోతానన్నాను, టూరిస్టులతో సహా చెరువులోకి నడుస్తాయన్నాను. "సర్లే తల్లీ, నెలాకరుకి వత్తాను" అన్నాడు. విషయం మాత్రం అతనికి చెప్పలేదు. అది నేనే నీకు రాయాలి.

తాగుబోతు అన్న మాట కొట్టేద్దామంటే ఆ కాగితం నీ దగ్గరుంది. ఆ చేతిని, పగ్గం వదలని ఆ చేతిని నేను అన్నాను. నా మీద నాకున్న కోపానికి మాట వెతుకుతున్నాను. తెలుగులో కూడా దొరకడం లేదు.

పరీక్ష 25న. నువ్వు రమ్మంటే పరీక్ష వదిలేసి వస్తాను. రాగిని నేనే సరిచేస్తాను. రమ్మను.

సుజానా


కంబగరువు,
జనవరి 16.

సుజానా,

అరచెయ్యి ఆనించాను. జరిగింది. మళ్లీ ఆనించాను. మళ్లీ జరిగింది. భీముడు "ఓరి నాయనో, ఇదేటిరా" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

ఇన్నాళ్లూ నీ మీద అలక మాత్రమే ఉంది. ఇప్పుడు కోపం వచ్చింది. చెప్పేస్తాను, లోపల పెట్టుకుంటే జబ్బ ఇంకా నొప్పెడుతోంది.

నువ్వు నేర్పినందుకు కాదు. బడి మైదానంలో నువ్వు దాన్ని పక్కకి నడిపిస్తుంటే నేను చూశాను. నవ్వాను, నిజమే. కానీ నా గుర్రం మీద పెత్తనం నీకు ఇచ్చాను. నువ్వు వెళ్లిపోయే రోజు, "మావయ్యా, ఇక్కడ ముట్టుకుంటే ఇటు జరుగుతుంది" అని ఒక్క మాట చెప్పి బస్సెక్కవచ్చు కదా. చెబితే బస్తా సన్నగా కట్టేవాణ్ణి. పై దారిన తిప్పుకుని వచ్చేవాణ్ణి. నా చేతికింద పనిచేసే జంతువుకి, నాకు తెలియని మాట నేర్పి పోయావు. నేను ఒకటి చెబుతున్నాను, దానికి ఇంకొకటి వినబడుతోంది. దాని తప్పు లేదు, నా తప్పు లేదు, ఇద్దరం చెట్టుకి గుద్దుకున్నాం.

స్వారీ బడికెళ్లని ముసలాడికి ఏం చెబితే ఏం అర్థమవుతుందిలే అనుకున్నావు. అనుకోలేదని రాయకు. అనుకున్నావు.

రావద్దు. పరీక్ష వదిలేసి వస్తే గడప ఎక్కనివ్వను. మీ అత్త కూడా ఎక్కనివ్వదు, దానికి తిట్లు దొరికాయి.

పైడయ్యకి నెలాఖరు దాటి రమ్మని కబురు పంపాను. రాగిని ఉంచుకుంటానని అనలేదు. నువ్వు నేర్పింది ఎలా తియ్యాలో రాయి. అది దారిలో నిలబడితే ఉంటుంది, లేకపోతే పోతుంది. పెద్ద పెద్ద మాటలు వద్దు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తియ్యాలి, అది రాయి.

ఐజాక్


హైదరాబాద్ శివారు,
జనవరి 22.

కోపంగా ఉన్న మావయ్యకు,

అనుకున్నాను. అది నిజం. పెద్ద మాటలు వద్దన్నావు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

సార్‌కి జరిగిందంతా చెప్పాను. విని, "ముందు నడువు" అన్నారు. మైదానం చుట్టూ మూడుసార్లు నడిచాను. తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. నేర్పినదాన్ని గుర్రం తలలోంచి తియ్యలేమట. ఎప్పుడు చెయ్యాలో, ఎప్పుడు చెయ్యకూడదో మాత్రం నేర్పగలమట. వీపు మీద జీను ఉంటే జరగాలి. గంత ఉంటే జరగకూడదు. ఈ తేడా దానికి తెలియాలి.

గంత వేసి, బస్తాల్లో గడ్డి కూరి కట్టు. వాకిట్లోనే. ఎడమ బస్తా మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కు. అది జరుగుతుంది. జరగనీ, అరవొద్దు. చెయ్యి మాత్రం తియ్యకు, దానితోపాటు నువ్వూ జరుగుతూ నొక్కే ఉంచు. ఎప్పుడో ఒకసారి విసుగొచ్చి ఆగుతుంది, లేదా నీ వైపు ఒరుగుతుంది. ఆ క్షణంలోనే చెయ్యి తీసెయ్యి. బెల్లం తర్వాత పెట్టవచ్చు, చెయ్యి తియ్యడమే దానికి అసలు బహుమానం. లెక్కపెట్టేంత సేపు ఆలస్యం చేస్తే అది వేరే ఏదో నేర్చుకుంటుంది. రోజుకి పావుగంట చాలు. రెండు పక్కలా చెయ్యి.

అది కుదిరాక చర్చి ప్రహరీ గోడ పక్కన నడిపించు, బస్తా గోడకు రాసుకునేలా. ఆ తర్వాత నిజం బరువు. ఆ తర్వాతే మలుపు.

మలుపు దగ్గర లోయ వైపు నిలబడొద్దు. ఇది మాత్రం బతిమాలుతున్నాను. ఇంకొక్కసారి అది కుడికి వేస్తే ఈసారి చెట్టు నిన్ను ఆపదు.

ఎల్లుండి మర్నాడు పరీక్ష. నిద్ర పట్టడం లేదు, పరీక్ష వల్ల కాదు.

సుజానా


కంబగరువు,
ఫిబ్రవరి 15.

సుజానా,

పరీక్ష పాసయ్యావని పైడయ్య చెప్పాడు. నువ్వు రాయలేదు. అదొక కోపం.

నువ్వు రాసినట్టే చేశాను. మొదటి మూడు రోజులూ నేనూ రాగీ వాకిలంతా పక్కకి నడుస్తూనే ఉన్నాం. కంచె తగిలేదాకా పోవడం, మళ్లీ మొదటికి రావడం. భీముడు అరుగు మీద కూర్చుని "ఇప్పుడు మావకి కూడా ఎండ్రకాయ నడక వచ్చీసింది" అన్నాడు. మీ అత్త చీపురు విసిరింది, వాడి మీదో నా మీదో తెలియదు. నాలుగో రోజు రాగి విసిగిపోయి నా మీదికి ఒరిగింది. చెయ్యి తీశాను. అది మెడ తిప్పి నన్ను చూసింది. ఇంతేనా, ముందే చెప్పవచ్చు కదా అన్నట్టు చూసింది.

ప్రహరీ గోడ పక్కన ఎనిమిది రోజులు. నిజం బరువుతో ఆరు రోజులు. నిన్న మలుపుకి తీసుకెళ్లాను.

లోయ వైపే నిలబడ్డాను. వద్దన్నావు. ఎడమ పక్క బండ, మధ్యలో గుర్రం. దాని మెడ పక్కన మనిషి నిలబడడానికి ఇంకెక్కడ చోటుంది? ముందు నడిస్తే దాని కాళ్లు కనబడవు. మీ సారు మంచివాడే, ఈ దారి చూడలేదు.

బస్తా బండకి ఆనింది. రాగి ఆగిపోయింది. చెవులు వెనక్కి పెట్టింది. డొక్క వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. కుడి ముందుకాలు ఎత్తింది. ఎత్తి, గాల్లోనే ఉంచింది. నాకూ అంచుకీ మధ్య జానెడు ఉంది. వెనకనుంచి భీముడు పాటలా ఏదో గొణుగుతున్నాడు, అది ప్రార్థనో తిట్టో. నేనేమీ అనలేదు. పగ్గం లాగలేదు. నువ్వు ఏం అనకూడదో రాశావు కానీ, ఏం అనాలో రాయలేదు.

ఎత్తిన కాలు ఎత్తిన చోటే దించింది. బండ వైపు ఒరిగి, బస్తాను ఈడ్చుకుంటూ మలుపు దాటింది.

మలుపుకి పోకముందు, మొన్నటి మాట ఒకటి ఉంది. పైడయ్య వచ్చాడు, ఖాళీ చేతులతో పోయాడు. "దీనికోసం ఇంత దూరం వచ్చాను. టీ తప్ప ఏటీ దక్కనేదు" అని సణుక్కున్నాడు. రాగి ఎక్కడికీ పోదు. నిండు నెలల వాళ్లను మాత్రం దాని మీద ఇప్పుడే ఎక్కించను. ఈ సీజను మొత్తం బస్తాలే మోసి చూపించాలి. అప్పుడు ఆలోచిస్తాను.

ఈస్టరుకి వస్తావని మీ అత్త అంటోంది. రా. నా కోపం ఇంట్లోనే ఉంటుంది, నీకు ఎదురొస్తుంది. తాగుబోతన్న కాగితం చింపలేదు. ఎప్పుడు చింపాలో నేను చూసుకుంటాను.

రాగి మీద జీను వెయ్యి, ఎక్కు, పక్కకి నడిపించుకో. వద్దనను. కొత్తది ఏదైనా నేర్పాలనిపిస్తే, దాని దగ్గరకు పోయే ముందు నా దగ్గరకు రా. ముందు నాకు నేర్పు.

ఐజాక్